తొలిమంచులో కిశోరం: ఫ్రాస్ట్ ‘ది రన్‌అవే’ – కృష్ణా లంకల నేపథ్యంలో ఒక పఠనం

రాబర్ట్ ఫ్రాస్ట్ (1874–1963) రచించిన ‘ది రన్‌అవే’ 21 పాదాల చిన్న కవిత. 1918లో వెలువడి, 1923 నాటి ‘న్యూ హ్యాంప్‌షైర్’ సంపుటిలో చేరింది. ఆ సంపుటికి 1924లో పులిట్జర్ బహుమతి లభించింది. ఇందులోని వస్తువు స్వల్పం. ఆ ఏటి తొలిమంచు కురుస్తున్న వేళ, కొండ పచ్చిక బయలు పక్కన దారినపోయేవారు కొందరు ఆగుతారు. మోర్గాన్ జాతి గుర్రప్పిల్ల ఒకటి రాతిగోడ మీద ఒక ముందుకాలు మోపి, రెండో కాలు రొమ్ముకు ముడిచి నిలబడి ఉంటుంది. మనుషులను చూసి బుసకొట్టి పారిపోతుంది. మంచుతెర వెనుక మసక నీడలా కనబడి, మళ్ళీ ఆ గోడ దగ్గరికే వస్తుంది. పిల్లను ఇంత పొద్దుపోయేదాకా బయట వదిలినవారెవరో వారికి చెప్పాలన్న మాటతో కవిత ముగుస్తుంది.

మంచు కురవని నేలపై ఈ కవితను చదివేవారికి మొదటి చిక్కు ‘మంచు’ అనే మాటతోనే వస్తుంది. తెల్లవారుజామున గడ్డిపోచ మీద నిలిచే బిందువు, ధనుర్మాసంలో కాలువగట్టును కప్పే పొగ, హిమాలయ శిఖరం మీది గడ్డ, ఆకాశం నుండి రాలే తెల్లని రేకు, అన్నిటికీ తెలుగులో ఒకటే పేరు. తోట్లవల్లూరు ప్రాంతంలో మంచు అంటే అరటితోటల మీదా చెరకు చేల మీదా పరచుకొని, పొద్దెక్కగానే విడిపోయేది. దానికి దూడ బెదరదు. కాబట్టి ‘మంచుకు భయపడిన పిల్ల’ అని అనువదిస్తే అర్థం చేరుతుంది గాని భయం చేరదు. అనువాదకుడు మంచును వర్ణించి ప్రయోజనం లేదు; ‘తొలిసారి’ అన్న భావాన్ని పట్టుకోవాలి. ఆ పిల్ల ఇదివరకు ఒక్క శీతకాలాన్నీ చూడలేదు. కోడెను కాడికి అలవాటు చేసినట్లు దానిని ఎవరూ చలికి అలవాటు చేయలేదు. ఫ్రాస్ట్ వాడిన సమాసం సరిగ్గా ఈ పశుపాలన పరిభాష నుండే పుట్టింది. ఆ మాట నిఘంటువులో కంటే రైతు నోట తేలికగా దొరుకుతుంది.

గుర్రప్పిల్లకు తెలుగు కావ్యభాషలో ఒక చక్కని మాట ఉంది. అమరకోశం ‘కిశోర’ శబ్దాన్ని అశ్వశిశువుకే చెప్పింది. లేబ్రాయపు బాలుడనే అర్థం వ్యాప్తిలో బలపడింది. ఈ ఒక్క మాటను ఎన్నుకుంటే, కవితలోని జంతువు వెనుక మానవ శిశువును చూసే పఠనానికి వేరే వ్యాఖ్య అక్కరలేదు. అయితే ఆ సౌలభ్యంలో ప్రమాదమూ ఉంది. పిల్ల మనిషికి సంకేతం, విడిచిపెట్టిన యజమాని సృష్టికర్తకు సంకేతం అని లెక్క కట్టిన మరుక్షణం కవితలోని గిట్టల చప్పుడు వినబడదు. తెల్లగుడ్లు తేలేసిన కళ్ళు, ఈగలను దులుపుకొన్నట్లు వణికే చర్మం సంకేతాలు కావు. ఈగలను దులుపుకొనడం ఒక్కటే ఆ పిల్లకు తెలిసిన విద్య. వేసవిలో నేర్చిన ఆ విద్యను మంచు మీద ప్రయోగిస్తోంది. కవితలో మిక్కిలి లోతైన పరిశీలన ఇదే. దీనిని ప్రతీకగా మార్చడం కంటే పశువుల కాపరి చూసినట్లు చూడడమే న్యాయం.

తల్లి ప్రస్తావన మరొక కీలకాంశం. ఇది ఋతువు చేసే పనేనని తల్లి నచ్చజెప్పినా, ఆమెకేమీ తెలియదనే పిల్ల అనుకుంటుందని చూపరి ఊహ. ఇక్కడ అనంతామాత్యుని ‘భోజరాజీయం’లోని ఆవు–పులి కథ గుర్తుకు రావడం సహజం. ఆ పదిహేనో శతాబ్దపు కావ్యంలో ఆవు పులికి మాటిచ్చి ఇంటికి వచ్చి, దూడకు పాలిచ్చి, బుద్ధులు చెప్పి తిరిగి వెళుతుంది. అక్కడ ప్రాణభయం తల్లిది. ఆ భయానికి పులి రూపంలో ఒక ముఖం ఉంది. తల్లి మాటకు అడ్డులేని ప్రామాణ్యం ఉంది. ఫ్రాస్ట్ కవితలో ఈ మూడూ తలకిందులయ్యాయి. పులి లేదు, తల్లి లేదు, ఉన్నా ఆమె మాట చెల్లదు. అనుభవం లేని చోట ఉపదేశం పనికిరాదన్న ఆధునిక సంశయం రెండు కావ్యాలను వేరుచేస్తున్నది.

పైగా, వాతావరణం భయపడదగినది కాదన్న ఓదార్పు అన్నిచోట్లా నిజం కాదు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన తుపాను, ఉప్పెన వేలాది మనుషులతో పాటు లెక్కకందని పశువులను పొట్టన పెట్టుకున్నాయి. ఆ నేలలో బెదిరిన దూడను అమాయకురాలని నవ్వలేరు. తోట్లవల్లూరు మండలంలోని పాములలంక వంటి ఏటి నడిమి పల్లెల అనుభవమూ ఇటువంటిదే. 2009 అక్టోబరులోనూ 2024 సెప్టెంబరులోనూ ప్రకాశం బ్యారేజి వద్ద వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అటువంటి వేళ లంకరైతు మొదట చేయవలసిన పని పలుపు విప్పి పశువును గట్టుకు తోలడం. ఫ్రాస్ట్ లోకంలో లోపల కట్టడం రక్షణ. లంకలో విప్పడం రక్షణ. అందువల్ల న్యూ ఇంగ్లండ్ పశువులపాకను ఆశ్రయానికి సార్వత్రిక చిహ్నంగా బోధించడం తొందరపాటు. కవిత నిజంగా అడుగుతున్నది పాక గురించి కాదు, పశువును తలచుకొనే మనిషి గురించి.

ఆ మనిషి ఎవరన్నది వ్యాకరణంలోనే తేలవలసి ఉంది. కవితలో దారినపోయేవారిని సూచించే సర్వనామం ఆంగ్లంలో ఒక్కటే. తెలుగులో ‘మేము’ అనాలా, ‘మనము’ అనాలా? ‘మేము’ అంటే పాఠకుడు గోడకు దూరంగా, కథ వింటూ ఉంటాడు. ‘మనము’ అంటే అతడూ గోడ పక్కనే నిలబడతాడు. కథన భాగంలో ‘మేము’ తప్పదు. చివరి మాట మాత్రం వేరు. అక్కడ ఫ్రాస్ట్ కర్మణి వాక్యం వాడి, చెప్పవలసినవారు ఎవరో తప్పించాడు. తెలుగులో ఆ కృత్రిమత అక్కరలేదు. ‘చెప్పాలి’ అన్న ఒక్క క్రియ కర్తను దాచుకొని, నేనో మీరో మనమో తేల్చకుండా నిలుస్తుంది. మూలం కంటే తెలుగే ఎక్కువ ఇరుకున పెట్టే చోటు ఇది.

ఇంతకూ ‘పారిపోయేది’ అన్న శీర్షిక ఆ పిల్లకు పూర్తిగా అతకదు. పారిపోయినది దూరం పోవాలి. ఇది మనుషులున్న గోడకే తిరిగి వచ్చింది. రెండోసారి రాళ్ళు దొర్లిస్తూ గోడెక్కినప్పుడు, ఎదుట మొదట చూసినవారే ఉన్నారు. చివరి రెండు పాదాల అంత్యప్రాసలో దాణాతొట్టిని చెప్పే ఆంగ్లపదం ‘లోపల’ అనే పదాన్ని తనలో ఇముడ్చుకొన్నది. శబ్దం లోపలికి చేరింది గాని పిల్ల చేరలేదు. యజమానిని తప్పుపట్టినవారు గోడకు ఇవతలే ఉన్నారు; యజమాని ఇల్లు వెతకడానికి వారిలో ఒక్కరైనా కదిలినట్లు కవి చెప్పలేదు.