చెవితో సముద్రాలు దాటేవాళ్లు

1924 అక్టోబర్ 18న లండన్ మిల్ హిల్ స్కూల్ విద్యార్థి సెసిల్ గోయ్డర్ మోర్స్ కీ మీద చెయ్యి వేసి న్యూజీలాండ్‌ను పలకరించాడు. అటునుంచి జవాబిచ్చినవాడు షాగ్ లోయలో గొర్రెల పెంపకం సాగించే ఇంటివాడు, ఫ్రాంక్ బెల్. భూగోళానికి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. పెద్ద పెద్ద కంపెనీలు దీర్ఘతరంగాలనే నమ్ముకుని ఉంటే, ఎందుకూ కొరగావని, సరదాకి రేడియో నడిపే అమెచ్యూర్లకు వదిలేసిన పొట్టి తరంగాల మీద ఈ ఘనకార్యం జరిగింది. ఆ గోయ్డరే 1936లో ఆలిండియా రేడియోకి చీఫ్ ఇంజనీరుగా మన దేశం వచ్చాడు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు తనివి తీరదు.

శాస్త్రం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆకాశంలో చాలా ఎత్తున సూర్యుడి అతినీలలోహిత, ఎక్స్ కిరణాలకు విద్యుదావేశం పొందిన పొరలున్నాయి. పై పొర షార్ట్‌వేవ్‌ను కిందికి వంచి పంపుతుంది, నేలా సముద్రమూ దాన్ని మళ్లీ పైకి కొడతాయి. సూర్యుడి మీద మచ్చలు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతుంటాయి, వాటిని బట్టే హ్యామ్‌లనే ఈ అమెచ్యూర్ల అదృష్టం.

అసలు విద్య చెవిలో ఉంది. హైదరాబాద్ నుంచి న్యూయార్క్‌కి దగ్గరి దారి ఆర్కిటిక్ మీదుగా పోతుంది. ఆ దారిన వచ్చిన సంకేతానికి ఒక వణుకు ఉంటుంది. తలపండిన ఆపరేటర్ కాల్ సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) పూర్తిగా వినకముందే, అది ఎటునుంచి వస్తోందో ఆ వణుకుని బట్టి పోల్చుకుంటాడు. కీ కొట్టే తీరును బట్టి మనిషినే గుర్తుపట్టేవాళ్లున్నారు. ఉరుముల గరగరలో మునిగి తేలే సన్నని కూత ఒక్కటే పట్టుకుని, మిగతాదంతా మనసులోంచి తీసేయడం ఏళ్ల సాధన మీద గానీ రాదు.

అరుదైన దీవి నుంచి ఎవరైనా పలికారా, ఇక చూడాలి. కొత్త సినిమా మొదటి ఆటకి టిక్కెట్ల కిటికీ దగ్గరున్నట్టే వందలమంది ఒక్కసారిగా మీద పడతారు. దీన్నే పైలప్ అంటారు. దీవిలో ఉన్నాయన తను పంపే ఫ్రీక్వెన్సీలో వినడు, కాస్త పైన ఎక్కడో వింటాడు. గుడ్డిగా అరిచేవాడికి రాత్రంతా జాగారమే. నేర్పరి మాత్రం కీ ముట్టుకోడు. ముందు ఆయన ఎవరికి జవాబిచ్చాడో, ఆ మనిషి ఎక్కడ పిలిచాడో వెతుకుతాడు. ఆ తర్వాత ఎటు జరుగుతున్నాడో పసిగడతాడు. అప్పుడు సరిగ్గా అక్కడ ఒక్కసారి తన పేరు కొట్టి ఊరుకుంటాడు. జవాబొస్తుంది!

పైలప్‌కి అవతలి కొసన కూర్చోవడం ఇంకా కష్టం. ఆ మాటంటే భారతీ ప్రసాద్ గారిని తలుచుకోవాలి. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అండమాన్‌కి బృందాన్ని తీసుకెళ్లారు. ఏళ్ల తరబడి హ్యామ్‌ల గొంతు వినిపించని దీవులవి. ప్రపంచమంతా ఆమెకోసం ఎగబడింది. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పడిపోయాయి. అదే పరికరాలు, అదే చెవి, అదే ఓపిక ఆ రోజు నుంచి దీవుల క్షేమ సమాచారాలు మోశాయి.

ఇక మన హైదరాబాదీ అష్హర్ ఫర్హాన్ సంగతి. రేడియో సెట్టు కొనలేని కుర్రాళ్లకోసం బిట్‌ఎక్స్ అనే డిజైన్ తయారుచేసి, ఎవరైనా చేసుకోండని ఉచితంగా ఇచ్చేశారు. అందులో మామూలు ట్రాన్సిస్టర్లే. కాయిల్ చుట్టడానికి దిగుమతి రింగులు దొరక్కపోతే కుళాయి వాషర్లు వాడారు! ఐదారు వాట్లతో ఖండాలు దాటిన ఆ చిన్న పెట్టె ముందు, లక్షలు పోసి కొన్న మెరుగుల సెట్లు నా కంటికి ఆనవు.

ఇప్పుడు నా కడుపుమంట. 2017లో ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతి వచ్చింది. దాని వెనకున్న జో టేలర్ ఫిజిక్స్‌లో నోబెల్ గ్రహీత, ఆ మేధకు చేతులెత్తి నమస్కారం. పదిహేనేసి సెకన్ల విడతల్లో కంప్యూటర్లు, చెవికి అందని సంకేతాలు కూడా ఇచ్చిపుచ్చుకుంటాయి. మనిషి తెర మీద ఓ గీత నొక్కి టీ తాగొస్తాడు. హ్యామ్‌లు లెక్కేసుకునే 340 దేశాలు, దీవుల జాబితాలో ఇంకొకటి పడింది. విన్నదెవరు? పలికిందెవరు? డబ్బు కట్టి పరదేశంలోని పెద్ద ఏరియల్‌ను ఇంటర్నెట్‌లో నడిపి, దూరాలు గెలిచామని చెప్పుకునేవాళ్లూ తయారయ్యారు. వాళ్ల గోడల మీది సర్టిఫికెట్లు చూస్తే నాకు గౌరవం కలగదు. మనదేశంలో రెస్ట్రిక్టెడ్ గ్రేడు లైసెన్సుకి మోర్స్ పరీక్షే లేదు, కాబట్టి కొత్తవాళ్లను అని లాభం లేదు. నేర్పని పెద్దలదే తప్పు. 1938 నుంచి నడుస్తున్న ఎఫ్‌ఓసీ అనే క్లబ్బు మోర్స్ ఆపరేటర్ల పనితనం చూసి గానీ సభ్యత్వం ఇవ్వదు. మన క్లబ్బులేమో ఏడాదికో ప్రదర్శన పెట్టి, ఫొటోలు దిగి ఇళ్లకు పోతున్నాయి. వారానికో సాయంత్రం ఒక కీ, ఒక హెడ్‌ఫోను, నేర్పే ఒక ముసలాయన, ఈ మాత్రం ఏర్పాటు చెయ్యలేరా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పది మీటర్ల తీగ రెండు చెట్ల మధ్య కడితే 14 మెగాహెర్ట్జ్‌కి ఏరియల్ సిద్ధం. ఆ బ్యాండు మొదట్లో, మోర్స్ వినిపించే చోట చెవి పెట్టండి. వేగం అందకపోతే క్యూఆర్‌ఎస్, అంటే మెల్లగా కొట్టమని పంపండి. అవతల ఉన్నది ఎంత కొమ్ములు తిరిగినవాడైనా, మీ వేగానికి దిగొస్తాడు.