సలహా ఎవరిది, తీర్పు ఎవరిది

యూదుల పవిత్ర గ్రంథం తోరాలో సలహా గురించి అందరికీ తెలిసిన కథ, అడగకుండానే వచ్చిన సలహాది. నిర్గమకాండం 18వ అధ్యాయంలో మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగవులు తీరుస్తుంటాడు. చూడవచ్చిన మామ యిత్రోకు ఆ పద్ధతి నచ్చదు. ఇలాగైతే అల్లుడూ అలసిపోతాడు, వరుసలో నిలబడ్డ జనమూ అలసిపోతారు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కో పెద్దను నియమించి, బరువైన వ్యవహారాలు మాత్రమే మోషే తన దగ్గరికి రానివ్వాలంటాడు. యిత్రో ఇశ్రాయేలీయుడు కాదు, మిద్యాను యాజకుడు. అయినా పది ఆజ్ఞలు వచ్చే వారపు పఠన భాగాన్ని యూదులు నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఈ కథలో జనం అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. దేవుడు సమ్మతిస్తేనే ఇలా చేయమని యిత్రో షరతు పెట్టాడు, ఆ తర్వాత తన దేశానికి తాను వెళ్లిపోయాడు. సలహా ఇచ్చినందుకు పెత్తనం కోరలేదు.

కనాను దేశానికి వెళ్లిన వేగులవాళ్ల కథలో ఈ మర్యాదే తప్పింది. మోషే పన్నెండుమందిని పంపేటప్పుడు అడిగినవి చక్కని ప్రశ్నలు: నేల సారమైనదా కాదా, చెట్లున్నాయా లేవా, జనం బలవంతులా బలహీనులా, ఊళ్లకు కోటలున్నాయా లేక గుడారాలేనా. నలభై రోజులు తిరిగి, ఇద్దరు మోయాల్సినంత ద్రాక్షగెలతో వాళ్లు తిరిగొచ్చారు. నేల మంచిదన్నారు, ఊళ్లకు కోటలున్నాయన్నారు. అంతవరకు చెప్పిందంతా అడిగినదానికి జవాబే. ఆపైన పదిమంది ఒక అడుగు ముందుకేసి, మనవల్ల కాదని తేల్చేశారు. చూసొచ్చి చెప్పమని పంపినవాళ్లు తీర్పు చెప్పి కూర్చున్నారు. మిగిలిన ఇద్దరు కాలేబు, యెహోషువల మాట ఎవరికీ పట్టలేదు, ఒక తరమంతా నలభై ఏళ్లు ఎడారిలో గడిచిపోయింది. గుంపు చెడువైపు నడిస్తే దాని వెంట పోవద్దని నిర్గమకాండం ముందే చెప్పి ఉంది. పదిమంది ఒక్క గొంతుతో మాట్లాడుతున్నప్పుడు అది ఎవరికి గుర్తొస్తుంది!

సెలోపెహాదు కూతుళ్లు ఐదుగురిది ఇంకో రకం వ్యవహారం. తండ్రి కొడుకులు లేకుండా పోయాడు, భూమి వాళ్లకు దక్కేలా లేదు. వాళ్లే నేరుగా మోషే ముందుకొచ్చి అడిగారు. మోషేకు వెంటనే జవాబు తోచలేదు, తోచినట్టు నటించనూ లేదు. దేవుణ్ణి అడిగి, వాళ్లదే న్యాయమని చెప్పాడు. తర్వాత వాళ్ల గోత్రం పెద్దలు వచ్చి, ఈ పిల్లలు వేరే గోత్రంలో పెళ్లాడితే భూమి అటు పోతుందన్నారు. ఆ మాటా విని తీర్పుకు ఒక షరతు కలిపారు. నష్టపోయేవాళ్లు తలుపు తట్టిన ప్రతిసారీ తీర్పు ఇంకాస్త మెరుగుపడింది.

క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మశాస్త్ర సంకలనం మిష్నా ఇలాంటి జాగ్రత్తలనే కోర్టు నియమాలుగా పెట్టింది. మరణశిక్ష పడే కేసులో అభిప్రాయాలు చిన్నవాళ్లతో మొదలవ్వాలి. పెద్దలు ముందు మాట్లాడితే చిన్నవాళ్లు ఎదురుచెప్పలేరు. విడుదల తీర్పు అదే రోజు ఇవ్వొచ్చు, శిక్ష మాత్రం మర్నాటికి వాయిదా. ఆ రాత్రి న్యాయమూర్తులు ఇద్దరిద్దరుగా కూడి, తక్కువ తిని, ద్రాక్షారసం ముట్టకుండా కేసును చర్చించాలి. డబ్బు తగాదాల్లోనైతే ఇరుపక్షాలూ చెరో న్యాయమూర్తిని ఎంచుకోవాలి, తర్వాత మూడోవాడు.

సలహా చెప్పేవాళ్లను, తీర్పు చెప్పేవాళ్లను వేరుగా ఉంచే ఇలాంటి పద్ధతిని తెలంగాణలోని జహీరాబాద్ ప్రాంతం ఒకసారి స్వయంగా పరీక్షించి చూసింది. 1999లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెకిన్సీ సంస్థ సాయంతో విజన్ 2020 పత్రం తెచ్చింది. వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్నది అందులోని ఒక లక్ష్యం. ఆ తగ్గేవాళ్లలో తామూ ఉంటామో లేదో తెలియని రైతులను ఎవరూ అడగలేదు. 2001 జూన్ నెలాఖరులో జహీరాబాద్ దగ్గరి అల్గోల్‌లో జరిగిన ‘ప్రజాతీర్పు’ అనే రైతుల జ్యూరీ ఆ లోటు తీర్చడానికే నడిచింది. పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, బ్రిటన్ పరిశోధన సంస్థలు కలిసి దాన్ని ఏర్పాటు చేశాయి. జ్యూరీలో ఎక్కువమంది రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన చిన్న, సన్నకారు రైతులు, అందులోనూ ఆడవాళ్లు. మూడు రకాల భవిష్యత్తులను వీడియోల్లో చూపించారు: విజన్ 2020 చెప్పినది, ఎగుమతి కోసం సేంద్రియ సాగు, ఊరి తిండి ఊళ్లోనే పండే స్వావలంబన. నిపుణులు సాక్షులుగా వచ్చి తమకు తెలిసింది చెప్పారు, రైతులు ప్రశ్నించారు. తీర్పు మాత్రం రైతులదే. జన్యుమార్పిడి పంటలు, కాంట్రాక్టు సేద్యం, కూలీల పని లాక్కునే యంత్రాలు వద్దన్నారు. భూమి, విత్తనం తమ చేతుల్లోనే ఉండాలన్నారు.

2002లో నివేదిక అచ్చయ్యాక బ్రిటన్ నాటి సహాయ శాఖ డిఎఫ్ఐడి అభ్యంతరం చెప్పింది: ఈ జ్యూరీ అందరికీ ప్రతినిధి కాదని. ఆ మాట కొట్టిపారేయదగ్గది కాదు. ఆతిథ్యమిచ్చిన సొసైటీకి చిరుధాన్యాల పట్ల, పాత విత్తనాల పట్ల తనదైన పక్షం ఉంది. చెరో న్యాయమూర్తిని ఎంచుకోమన్న మిష్నా నియమం పుట్టింది ఇలాంటి అనుమానానికే. అయితే ఇదే ప్రశ్న విజన్ 2020కీ వెయ్యాలి. దానికి సలహాదారు ఉన్నాడు, జ్యూరీ అసలే లేదు.

2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతిచ్చింది. అల్గోల్ తీర్పు ఆ నిర్ణయాన్ని ఆపలేకపోయింది. అప్పుడు జహీరాబాద్ మహిళలు కెమెరాలు పట్టుకుని వరంగల్ వెళ్లి, ఆ పత్తి వేసిన రైతులను వరుసగా కొన్ని పంటకాలాలు పలకరించి సినిమాలు తీశారు. 2008 అక్టోబర్ 15న ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో మొదలైన సంఘం రేడియో కూడా ఆ దారిలోదే: విత్తనం గురించి, నేల గురించి దానిలో మాట్లాడేది సేద్యం చేసే ఆడవాళ్లే, వినేదీ ఎక్కువగా వాళ్లలాంటి వాళ్లే.