స్థూల సూక్ష్మ రేఖల మధ్య అక్షరం: అబ్రిల్ ఫ్యాట్‌ఫేస్ – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

శీర్షికలోని మాటను చదవడానికి ముందే పాఠకుడు దాని ఆకారాన్ని చూస్తాడు. ఆ తొలిచూపు ప్రభావమే లక్ష్యంగా రూపొందిన రోమన్ లిపి ఫాంటుల్లో అబ్రిల్ ఫ్యాట్‌ఫేస్ ఒకటి. వెరోనికా బురియన్, హోసే స్కాలియోనె స్థాపించిన టైప్‌టుగెదర్ సంస్థ దీని రూపకర్త. గూగుల్ ఫాంట్స్ ద్వారా ఉచితంగా లభించడం వల్ల దీని వాడుక బాగా విస్తరించింది. ఇందులో నిలువు గీతలు అతి మందం. అడ్డగీతలు, అక్షరాల కొసల్లో ఉండే సెరిఫ్‌లు వెంట్రుకంత సన్నం. ఈ వ్యత్యాసం అలంకారం మాత్రమేనా, అక్షరాన్ని గుర్తించడంలో దాని ప్రభావం ఏమిటి అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

చారిత్రక నేపథ్యం

ఈ వ్యత్యాసానికి మూలం రాత పరికరంలో ఉంది. వెడల్పు పాళీతో రాసినప్పుడు గీత మందాన్ని కలం పట్టిన కోణం, గీత సాగే దిశ నిర్ణయిస్తాయి. మొనదేలిన పాళీతో రాసినప్పుడు చేతి ఒత్తిడి నిర్ణయిస్తుంది. డచ్ అక్షరశిల్పి గెరిట్ నోర్డ్‌జై సిద్ధాంతంలో ఈ భేదం కీలకం. 18వ శతాబ్ది చివర పారిస్‌లో ఫిర్మిన్ డిడో, పార్మాలో జాంబాటిస్టా బొడోనీ (1740–1813) రెండో పద్ధతికి చెందిన వ్యత్యాసాన్ని లోహపు అచ్చులోకి తెచ్చారు. 19వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో లండన్‌లోని అచ్చక్షరాలు పోతపోసే సంస్థలు నిలువు గీతలను మరింత లావు చేసి, సన్నగీతలను అలాగే ఉంచి ఫ్యాట్‌ఫేస్‌ను రూపొందించాయి. ఇందులో రాబర్ట్ థోర్న్‌ది ప్రధాన పాత్రగా భావిస్తారు. లాటరీ ప్రకటనలు, గోడపత్రాలు దీని క్షేత్రం. 1825లో ‘టైపోగ్రఫియా’ను వెలువరించిన ముద్రాపకుడు టి.సి. హాన్సర్డ్ ఈ ధోరణిని నిరసించాడు. గ్రంథముద్రణ ప్రమాణంతో చూస్తే ఆ నిరసన సమంజసమే. దూరం నుంచి, నడుస్తూ చూసే గోడపత్రానికి ఆ ప్రమాణం వర్తించదు.

రూపం – పరిమాణం

అబ్రిల్ ఫ్యాట్‌ఫేస్ ఆ ప్రకటనపత్రాల వారసత్వాన్ని స్వీకరించింది. బరువును పంచిన తీరులోనే దాని విజయం ఉంది. మందమంతా నిలువు గీతల్లో చేరినా అక్షరం లోపలి ఖాళీ పూర్తిగా మూసుకుపోదు. ఆంగ్ల ‘ఓ’ లోపల మిగిలిన ఇరుకైన తెలుపే చుట్టూ ఉన్న నలుపుకు ఆకృతినిస్తుంది. పెద్ద పరిమాణంలో ఈ నలుపు తెలుపుల లయ చూపును నిలుపుతుంది.

చిన్న పరిమాణంలో ఇదే గుణం దోషమవుతుంది. ఆంగ్లంలో చిన్నబడి ‘ఇ’ని ‘సి’ నుంచి వేరు చేసేది ప్రధానంగా ఒక అడ్డగీత. అది వెంట్రుకంత సన్నమైనప్పుడు తెరపై చెదిరిపోతుంది. అక్షరభేదాన్ని మోసే బాధ్యత ఇక్కడ అత్యంత బలహీనమైన గీతపై పడింది.

లోహపు అచ్చుల కాలంలో ఒక్కో పరిమాణానికి ఒక్కో పంచ్‌ను విడిగా చెక్కేవారు. చిన్న అక్షరాల్లో సన్నగీతను కొంత బలంగా ఉంచే వీలు అప్పుడు ఉండేది. సాధారణ డిజిటల్ ఫాంటులో ఒకే ఆకృతి అన్ని పరిమాణాలకూ పెరుగుతుంది, తరుగుతుంది. అందుకే 1990ల ఆరంభంలో హార్పర్స్ బజార్ పత్రిక కోసం జోనథన్ హెఫ్లర్ డిడో శైలి అక్షరాలను వేర్వేరు పరిమాణాలకు వేర్వేరుగా గీశాడు. అబ్రిల్ కుటుంబంలోనూ పాఠ్యభాగం కోసం అబ్రిల్ టెక్స్ట్ ప్రత్యేకంగా ఉంది. ఉచితంగా వ్యాపించింది మాత్రం ఫ్యాట్‌ఫేస్. దాన్ని ఉపశీర్షికలకు, చిత్రాల కింది వ్యాఖ్యలకు కూడా వాడితే ఆ దోషం రూపకల్పనది కాదు, వినియోగానిది.

తెలుగు లిపికి అన్వయం

రోమన్ శీర్షిక పక్కన తెలుగు శీర్షికను నిలపవలసిన ద్విభాషా పుటల్లో ఈ సమస్య మరో రూపం ధరిస్తుంది. తెలుగు లిపి వంపులను తీర్చిన పరికరాల్లో తాటాకుపై గీసే గంటం ముఖ్యమైనది. గంటపు గీత మందంలో పెద్ద తేడా ఉండదు. నిలువు, అడ్డం అనే విభజన కంటే వంపుకే ఇక్కడ ప్రాధాన్యం. అందువల్ల నిలువును లావు చేసి అడ్డాన్ని సన్నం చేసే రోమన్ సూత్రం తెలుగుకు యథాతథంగా అన్వయించదు. ద–ధ, ప–ఫ, డ–ఢ జంటల్లో భేదాన్ని తెలిపేది అడుగున ఉండే చిన్న గీత. దాన్ని వెంట్రుకంత సన్నం చేస్తే మహాప్రాణమే కనుమరుగవుతుంది. అన్ని గీతలనూ సమానంగా లావు చేస్తే లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. పైగా అక్షరం కింద చేరే ఒత్తు సాధారణంగా ప్రధానాక్షరం కంటే చిన్నది. కనుక పెద్ద శీర్షికలో కూడా చిన్న అక్షరపు ఇబ్బంది తెలుగును వదలదు.

ముగింపు

అబ్రిల్ ఫ్యాట్‌ఫేస్ పరిశీలన అక్షరరూప విమర్శకు ఒక ప్రమాణాన్ని అందిస్తుంది. ఏ గీత అక్షరభేదాన్ని మోస్తున్నది, అది ఏ పరిమాణం వరకు నిలుస్తుంది అన్న ప్రశ్నలకు సమాధానం దొరికాకే అందాన్ని అంచనా వేయాలి. తెలుగు శీర్షికాక్షరాల్లో మందం ఎక్కడ చేరినా, ఒత్తునూ మహాప్రాణపు గీతనూ కాపాడినప్పుడే ఆ రూపకల్పన సార్థకమవుతుంది.