వానని కొలిచే అలవాటు

మా మేడ మీద ఒక రెయిన్ గేజ్ ఉంది. పైన గరాటు, లోపల సీసా, కొలవడానికి గీతలున్న గాజు గొట్టం, అంతే సరంజామా. రోజూ ఉదయం 8.30కి వెళ్లి చూస్తాను. దేశమంతటా వాతావరణ శాఖ వాళ్లు వాన కొలిచే వేళ అదే. రాత్రి ఏ జాములో కురిసినా ఆ ఉదయం తేదీ కిందే రాసుకోవాలి. గొట్టంలో నీళ్లు అంచుల్లో గాజుని పట్టుకుని కాస్త పైకి పాకుతాయి, నడుమ పల్లంగా ఉంటుంది. ఆ పల్లం ఏ గీత మీద ఉందో చూడాలి, అదీ కంటిని దాని మట్టానికి దించి. ఒక మిల్లీమీటరంటే చదరపు మీటరు నేల మీద లీటరు నీళ్లు. కనీసం 2.5 మిల్లీమీటర్లు పడితేనే లెక్కలో అది వాన రోజు.

విశాఖలో జనవరి నుంచి మార్చి దాకా నోట్‌బుక్‌లో దాదాపు అన్నీ సున్నాలే. ఏప్రిల్, మే నెలల్లో సముద్రపు గాలి ఎండని ఆపుతుంది, ఉక్కపోతని మాత్రం ఆపదు. పడమటి గాలి బలంగా తోసి ఆ గాలిని రానివ్వని రోజున ఊరు నిప్పుల కొలిమే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. అది తీరి బోట్లు కదిలే రోజులకి కాస్త అటూ ఇటూగా నైరుతి వస్తుంది. అయితే ఈ తీరంలో అసలు కథ జూన్‌లో కాదు, సెప్టెంబరు, అక్టోబరుల్లో నడుస్తుంది. ఏడాది వానలో పెద్ద వాటా ఆ రెండు నెలలదే.

అయితే అక్టోబరు వాన సగటునే నేను నమ్మను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖని తాకింది. 2018లో అదే నెల 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. ఇలాంటి ఏళ్లూ, ఒక్క వాయుగుండమైనా రాక వెలవెలబోయిన ఏళ్లూ కలిపి భాగిస్తే వచ్చే అంకె అది. పైగా పెనుగాలిలో వాన నిలువుగా పడదు, గరాటు మూతి మీదుగా అడ్డంగా కొట్టుకుపోతుంది. తుఫాను రోజున గేజ్ చూపేది పడినదానికన్నా తక్కువే.

శ్రీకాకుళంలో ఇంకో చిత్రం. అక్కడ మేడ మీద గేజ్ ఎండిపోయి ఉన్నా నాగావళి పొంగవచ్చు. నాగావళీ వంశధారా రెండూ ఒడిశా కొండల్లో పుట్టినవే, అక్కడ కురిసింది ఇక్కడికి వరదై దిగుతుంది. అందుకే ఒక్క ఊరి కొలత చాలదు, ఊరూరా కొలిచేవాళ్లు కావాలి.

ఈ పని మనకి కొత్తేం కాదు. గోడే వెంకట జగ్గారావు 19వ శతాబ్దంలోనే విశాఖలో సొంత వేధశాల కట్టారు. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం చూసినందుకు ఆయన్ని తలచుకుంటారు. నాకు మాత్రం ఆయన పట్టుగా సాగించిన వాతావరణ లెక్కల మీదే ఎక్కువ గౌరవం. గ్రహం దాటే రోజు అందరూ ఆకాశం చూస్తారు, ఏమీ జరగని రోజున కూడా సున్నా రాసేవాళ్లు తక్కువ.

నెలాఖరున పత్రికల్లో 'సాధారణం కన్నా ఎక్కువ వర్షపాతం' అని వస్తుంది. ఆ వానంతా రెండు రోజుల్లో కురిసి, మిగతా నెల ఎండితే, అక్టోబరులో పొట్ట మీదున్న సంబా వరికి ఆ 'ఎక్కువ' ఏం ఒరగబెడుతుంది? కాలువ చివరి పొలం రైతుకి కావలసింది ఎంత పడిందన్నదే కాదు, వానకీ వానకీ మధ్య ఎన్నాళ్ల ఎడం వచ్చిందో కూడా. మండలాల వారీ వర్షపాతం పట్టికలో ఆ ఒక్క గడి చేర్చమని ఈ కాలమ్ ద్వారా అడుగుతున్నాను.