ఫోటో తీసేవాడి వెంట నడిచే మనిషి

గుమ్మఘట్ట నుంచి ఇటలీకి హనీమూన్ అంటే ఇప్పుడు ఎవరూ ముక్కున వేలేసుకోవడం లేదు. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మా తమ్ముడి కూతురు, అల్లుడు టస్కనీ పల్లెల్లో వారం రోజులు నడుస్తూ ఫోటోలు తీసుకోవాలనుకుంటున్నారు. “పెద్దనాయనా, యాడ్నుంచి యాడికి పోవాల్నో నువ్వే ఒక దారి గీసియ్యి” అంది పాప. నేను ఇటలీ చూసినవాణ్ణి కాను. కెమెరాతో, భార్యతో కలిసి నడవడం మాత్రం ఈ మెట్టనేల మీద నాకు బాగా అలవాటు. ఆ ధైర్యంతోనే పటం ముందేసుకున్నా.

వాళ్లు రాసుకున్న చిట్టా చూస్తే కళ్లు తిరిగాయి. రోమ్, ఫ్లోరెన్స్, సియెన్నా, పియెంజా, మోంటాల్చినో, చింక్వే తెర్రేలో అయిదు ఊళ్లు. వారంలో ఇన్ని తిరిగితే మిగిలేది బస్సు కిటికీలోంచి తీసిన ఫోటోలే. అయితే నన్ను ఆపింది ఊళ్ల సంఖ్య కాదు. చిట్టా అంతా అల్లుడు ఫోటో తీయాల్సిన చోట్లే. అతను తీస్తున్నంతసేపూ మా పాప ఏం చేస్తుంది? ఆ మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఇద్దరు నడిచేటప్పుడు ఒకరి చేతిలో కెమెరా ఉంటే రెండోవాళ్ల పని ఎదురుచూడటమే. మబ్బు తొలగాలి, గొర్రెల మంద మలుపు తిరగాలి, వెలుగు వాలాలి. ఫోటో తీసేవాడికి అరగంట తెలియదు, పక్కన నిలబడ్డ మనిషికి ప్రతి నిమిషమూ తెలుస్తుంది. పెళ్లయిన కొత్తలో భైరవానితిప్ప కట్ట మీదికి పోయినప్పుడు మా ఆవిడ ఒకే మాట అనింది: “మామా, నువ్వు ఎంతసేపన్నా తీసుకో. నేను కూర్చునే చోటు మాత్రం నేనే చూసుకుంటా.” అప్పటి నుంచి మా దారులన్నీ ఆమె కూర్చునే చోట్లను బట్టే. చింతమాను నీడ, గుడి మండపం, టీ అంగడి బల్ల. అక్కడ సంచి దించి, జొన్నరొట్టె, ఊరుబిండి విప్పుకుంటుంది. పిలిస్తే పలికే దూరంలో దొరికిన ఫోటోలే నావి. రాయదుర్గం కొండ మీద ఇంకా పైకి పోతే ఇంకా మంచి కోణం ఉంటుందని తెలుసు. ఉండనీ.

మంచి ఫోటోలకు ఇదే అడ్డమని మిత్రులంటారు. నాకట్లా అనిపించదు. ఒకే చింతమాను చుట్టూ గంటసేపు తిరిగినవాడికి, పది కొండలు పరుగెత్తి ఎక్కినవాడికి కనిపించనివి కొన్ని కనిపిస్తాయి.

లెక్క కూడా కావాలి. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ కొండలెక్కే ఆయన ఒక సూత్రం చెప్పాడు: మూడు మైళ్లకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు ఇంకొక గంట. ఇప్పటికీ చాలామంది దాన్నే వాడతారు. కానీ అది కెమెరా లేనివాళ్ల లెక్క, బహుశా భార్య తోడు లేనివాళ్ల లెక్క కూడా. నేను దానికి రెట్టింపు వేస్తా.

తర్వాత వెలుగు. మనం భూమధ్యరేఖకు దగ్గర, పద్నాలుగున్నర డిగ్రీల దగ్గరున్నాం. పొద్దు మన దగ్గర నిటారుగా దిగిపోతుంది. ఆరు డిగ్రీల ఎత్తు నుంచి అంచు తాకేదాకా, అంటే బంగారు వెలుగు ఉండేది, పాతిక నిమిషాలు. టస్కనీ 43 డిగ్రీల మీద ఉంది. పొద్దు ఏటవాలుగా జారుతుంది కాబట్టి జూన్లో అదే వెలుగు నలభై నిమిషాల దాకా నిలుస్తుంది. ఈ మాట చెప్పగానే అల్లుడి ముఖం వెలిగిపోయింది. “అయితే జూన్లోనే పోదాం మామయ్యా” అన్నాడు.

మా ఆవిడ పక్కనే ఉంది. “జూన్లో అక్కడ పొద్దెప్పుడు గుంకుతుంది?” అని అడిగింది. తొమ్మిదికి కాస్త ముందు. హోటళ్లలో రాత్రి భోజనం మొదలయ్యేది ఏడున్నరకు. పల్లెటూళ్లలో వంటిల్లు ఎక్కువసేపు తెరిచి ఉంచరు. అంటే వెలుగు కోసం పోతే కూడు తప్పుతుంది, కూడు కోసం కూర్చుంటే వెలుగు పోతుంది. పొద్దున వెలుగంటారా, అయిదున్నరకే సూర్యోదయం. కొత్త పెళ్లికూతుర్ని వారం రోజులు నాలుగు గంటలకు లేపే మొగుడికి ఫోటోలు మిగులుతాయేమో గానీ...

అక్టోబరు మధ్యలో అయితే పొద్దు ఆరున్నరకు వాలుతుంది. ఫోటో తీసి, నడుచుకుంటూ ఊళ్లోకి వచ్చేసరికి భోజనాల వేళ. సూర్యోదయం ఏడు దాటాకే. నెలాఖరు ఆదివారం లోపల తిరిగి రావాలి, ఆ రోజు అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఆ తర్వాత అయిదుకే చీకటి పడుతుంది.

అక్టోబరుకు ఒక చిక్కుంది. ఫోటోల్లో చూసే పచ్చని గోధుమ చేలు ఏప్రిల్, మే నెలలవి. అక్టోబరుకు కోతలైపోయి, దున్నిన బోడినేల బూడిద రంగులో పరుచుకుని ఉంటుంది. పచ్చదనం కోసం పోయినవాళ్లు ఉసూరుమంటారు. వానపడితే ఆ బంకమన్ను కణేకల్లు రేగడి మాదిరే చెప్పులకు పట్టుకుంటుంది. కానీ శెనక్కాయ పీకేసిన చేలల్లో పెరిగిన పిల్లకు బోడినేల చూడటం ఎవరూ నేర్పక్కర్లేదు. గట్టు వంపు, నాగలి చాళ్లు, ఒంటరి మాను నీడ పచ్చదనం పోయాకే బయటపడతాయి. ఆ చేలున్న వాల్ దోర్చా అనే లోయ 2004లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది కూడా మనుషులు దిద్దిన పొలంగానే. పద్నాలుగు, పదిహేను శతాబ్దాల్లో సియెన్నా నగరం వాళ్లు దాన్ని తీర్చిదిద్దారు. సియెన్నా కచేరీ గోడ మీద లొరెంజెట్టి 1338-39లో వేసిన బొమ్మలో ఆ చుట్టుపక్కల పల్లెసీమ, సేద్యం కనిపిస్తాయి.

నీళ్ల సంగతి మాత్రం వాళ్లకూ మనకూ పొత్తు కుదరదు. మన వేదవతి పైన హిరియూరు దగ్గర 1907లో కట్టిన వాణీవిలాస సాగరం 1933లో ఒకసారి నిండి పొర్లింది, మళ్లీ 2022లోనే. అట్లాంటి ఏటికి దిగువన ఉన్నవాళ్లం, నీళ్లుంటే ఒక దారి, లేకుంటే ఒక దారి అని రెండూ రాసిపెట్టుకుంటాం. టస్కనీలో వాన పడే రోజుకు అట్లాగే ఒక దారి రాశా.

చివరికి చిట్టాలో పియెంజా ఒక్కటే మిగిల్చి, దానికి సాన్ క్విరికో కలిపా. సాన్ క్విరికో నుంచి బాన్యో విన్యోనికి అయిదు కిలోమీటర్ల నడక. 990లో కాంటర్బరీ ఆర్చిబిషప్ సిగెరిక్ రోమ్ నుంచి తిరిగొస్తూ 79 మజిలీలు రాసుకున్న దారే అది. బాన్యో విన్యోనిలో ఊరి నడిబొడ్డున వేడినీళ్ల కోనేరుంది. చుట్టూ కూర్చునే చోటుంటుంది. అల్లుడు ఆ కోనేరును ఎన్ని కోణాల్లోంచి తీసుకున్నా మా పాపకు ఇబ్బంది లేదు.

అల్లుడు ట్రైపాడ్ తీసుకుపోవాలా అని అడిగాడు. ఆ ప్రశ్నకు నాకంటే ముందు మా ఆవిడే జవాబిచ్చింది: “దాన్ని మోసేది నువ్వే అయితే తీసుకుపో నాయనా.” వీసాకు అపాయింట్‌మెంట్ ఆగస్టులో తీసుకుంటున్నారు.