'కుదురులేని ఫిలిప్': బాల్య చాంచల్య చిత్రణ - జన్యుశాస్త్ర దృష్టి

1. ప్రవేశిక:
జర్మన్ వైద్యుడు హైన్రిష్ హాఫ్‌మన్ 1844లో తన కుమారునికి క్రిస్మస్ కానుకగా స్వయంగా బొమ్మలు గీసి రచించిన పద్యాల పుస్తకం 1845లో అచ్చై, తరువాత 'స్ట్రువెల్‌పీటర్'గా ప్రసిద్ధి పొందింది. అనంతర ముద్రణలో చేరిన 'కుదురులేని ఫిలిప్' పద్యాన్ని అవధానలోప అతిచంచలతకు (ఏడీహెచ్‌డీ) తొలి సాహిత్య చిత్రణలలో ఒకటిగా వైద్య రచయితలు తరచుగా పేర్కొంటారు. ఆ అభిప్రాయం ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. పద్యంలోని దృష్టి:
భోజనాల బల్ల వద్ద తండ్రి హెచ్చరిస్తాడు. తల్లి మౌనంగా చూస్తుంది. కుర్చీని ఊపుతూ వెనక్కి ఒరిగిన ఫిలిప్ బల్లగుడ్డను పట్టుకొని, వడ్డించినవన్నీ తనతోపాటు నేలపాలు చేస్తాడు. తల్లిదండ్రుల కోపంతో, వారికి తినడానికి ఏమీ మిగలలేదన్న మాటతో పద్యం ముగుస్తుంది. పడిన పిల్లవాని బాధకు అందులో చోటు లేదు. తండ్రి మాటలోని సందేహం కూడా పిల్లవాని ఇష్టాన్ని గురించే గాని శక్తిని గురించి కాదు. 'కుదురుగా ఉండడు', 'కుదురుగా ఉండలేడు' అనే రెండు తెలుగు వాక్యాల మధ్య గల అంతరమే ఈ పద్యానికి కీలకం. కవి మొదటి వాక్యం వద్దనే ఆగిపోయాడు.

3. జన్యుశాస్త్రం చెప్పేది:
రెండవ వాక్యానికి ఆధారం ఇటీవలి పరిశోధనల్లో లభిస్తుంది. కవలల అధ్యయనాలు ఈ స్థితికి సుమారు 74 శాతం అనువంశికతను సూచించాయి. ఇది జనసమూహంలోని వ్యత్యాసాలకు సంబంధించిన లెక్క. ఒక పిల్లవానిలో ఇంత శాతం కారణం జన్యువులేనని దీని అర్థం కాదు. 2023లో వెలువడిన ఒక బృహదధ్యయనం 27 జన్యుస్థానాలను గుర్తించింది. వీటిలో ఒక్కొక్కదాని ప్రభావం స్వల్పమే. వీటితో ముడిపడిన జన్యువులు ముఖ్యంగా మెదడు తొలి వికాస దశలో క్రియాశీలంగా ఉంటాయి. 2007 నాటి మరొక అధ్యయనంలో మస్తిష్క వల్కలం గరిష్ఠ మందాన్ని చేరే మధ్యస్థ వయస్సు ఇతర పిల్లల్లో 7.5 ఏళ్లు కాగా, ఈ స్థితి గల పిల్లల్లో 10.5 ఏళ్లుగా తేలింది. నిగ్రహానికి, అవధానానికి సంబంధించిన లలాట భాగంలో ఈ జాప్యం ప్రస్ఫుటం.

4. ముగింపు:
ఒక్క పూట భోజన దృశ్యం రోగనిర్ధారణకు చాలదు. హాఫ్‌మన్ మానసిక చికిత్సాలయ అధిపతి అయినది కూడా 1851లో, అంటే పద్యరచన తరువాతనే. కనుక ఈ పద్యాన్ని వైద్య నివేదికగా చదవడం కాలవిరుద్ధం. చంచల బాలుని పట్ల పెద్దల దృష్టికి సాక్ష్యంగానే దీనికి విలువ ఉంది. 'పెంపకం లోపం' అనే నిందలో ఆ దృష్టి నేటికీ సజీవం. అయితే నిందను తొలగించే తొందరలో జన్యువును తలరాతగా భావించడం మరొక పొరపాటు. జాప్యం వికాసరాహిత్యం కాదు. పిల్లవానికి కావలసినది తీర్పు కాదు, వ్యవధి, ఆసరా.