కేటలాగుకు అది కథ మాత్రమే

మౌలాలి నుంచి బస్సులో తార్నాక దాకా వచ్చి, క్యాంపస్‌లో చదువుకుంటున్న ఒకమ్మాయి, గృహహింస మీద తెలుగు సినిమా ఏదైనా ఉందా అని ఒక లైబ్రరీలో అడిగింది. "సినిమా పేరు చెప్పమ్మా" అన్నారు కౌంటర్లో. పేరే తెలిస్తే ఇక వెతకడం ఎందుకు? "గృహహింస" అని కొడితే కంప్యూటర్లో చట్టాల పుస్తకాలొచ్చాయి. సినిమా ఒక్కటీ రాలేదు.

అలాంటి సినిమా లేక కాదు. 1983లో దీపా ధన్‌రాజ్ ఉన్న యుగాంతర్ బృందం హైదరాబాదు స్త్రీశక్తి సంఘటనతో కలిసి 'ఇది కథ మాత్రమేనా' తీసింది. ఇంట్లో భార్య మీద జరిగే హింసే అందులోని విషయం. కానీ సినిమాని పేరు, నిడివి, "కథాచిత్రం" అన్న మూడు ముక్కలతో నమోదు చేసే జాబితాలో అది ఈ అమ్మాయికి ఎలా దొరుకుతుంది? సినిమా మనల్ని నిలదీసి అడిగిన ప్రశ్నకి కేటలాగు "అవును, కథ మాత్రమే" అని జవాబు చెప్పేసినట్టే.

మాటలూ మారతాయి. ఐపీసీ 498ఎ వచ్చింది 1983లోనే. "గృహహింస" చట్టం పేరుగా స్థిరపడింది 2005లో. అంతకుముందు దాన్నే కుటుంబ కలహం, వరకట్న వేధింపు అని రాసుకున్నాం. పాత మాట నుంచి కొత్త మాటకి దారి వేయకపోతే ఆ సినిమాలు అలమారలో ఉండీ లేనట్టే. పేరు పెట్టడం కూడా అధికారమేనని లైబ్రరీ వర్గీకరణల మీద హోప్ ఓల్సన్ 2002లో పుస్తకమే రాసింది.

సినిమా చాలామంది చేతుల పని కాబట్టి దాన్ని పేరు కిందే నమోదు చేయాలన్నది పాత కేటలాగు నియమం. సబబే. కానీ ఆ చేతులన్నిటికీ విడివిడిగా పద్దులు రాసే ఓపిక ఎవరికుంది? సావిత్రి పేరు కొడితే నటిగా వస్తుంది. 1968లో 'చిన్నారి పాపలు'కి దర్శకత్వం వహించిన సావిత్రి రాదు. భానుమతి 1953లో మూడు భాషల్లో తీసిన 'చండీరాణి' ఒకదానికొకటి తెలియని మూడు సినిమాలవుతుంది. యద్దనపూడి 'మీనా' నవల చదివిన పాఠకురాలికి, 1973లో విజయనిర్మల తీసిన 'మీనా' దాకా దారి దొరకదు.

ఆ అమ్మాయి ఊళ్లోనే, మౌలాలి గుట్ట కింద, 1824లో చనిపోయిన కవయిత్రి మహ్‌లఖా బాయి సమాధి ఉంది. చందా బీబీ ఆమే, చందా అన్న కలంపేరూ ఆమెదే. ఏ పేరుతో అడిగినా ఆమె మీద వీడియోలన్నీ ఒక్కచోటే దొరకాలి. అందుకు కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు. పాత కార్డు కేటలాగులో "చూడు" అని ఇంకో కార్డు రాసిపెట్టేవాళ్లు, అది చాలు.

ఎవరు తీశారు, ఎవరు రాశారు, ఏ భాష, దేని గురించి - ప్రతి సినిమాకీ ఈ నాలుగూ రాయమనే మనం అడుగుతున్నది. "దేని గురించి" అన్నచోట, వెతికే ఆడవాళ్ల నోట ఉన్న మాటలు రాయండి. మన చరిత్రని మనమే తవ్వుకుని బయటికి తెచ్చాం. దాన్ని మళ్లీ అలమారలో పాతిపెట్టనివ్వలేం.